అమ్మ ఏడవని ఏడుపు

ఎల్బీనగర్

ప్రియమైన సంధ్యారాణి వదినకు,

మీ మరదలు జ్యోతిక నమస్కరించి రాసేది. ఫోన్ చేస్తే మీరు ఎత్తడం లేదు, మెసేజ్ పెడితే చూడడం లేదు. ఎత్తినా రెండో మాటకే గొడవ పడతాం. కాగితం మీదైతే మధ్యలో అడ్డుపడేవాళ్లు ఉండరని ఇలా రాస్తున్నాను. మీ తమ్ముడు శేఖర్ ఎలాగూ రోజూ దిల్‌సుఖ్‌నగర్‌లో తను పనిచేసే షాపుకు పోయేవాడే, మీ చేతికి ఇస్తాడు.

మామయ్య పోయి నెల దాటింది. దినాల రోజు మీరు విస్తరి ముందు నుంచి లేచిపోతూ అన్న మాట ఇంకా నా చెవుల్లోనే ఉంది. "మా అమ్మ నోరు మూయించింది నువ్వే. మా నాయినకు ఏడుపు గూడ దక్కనియ్యలే." అప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడు భయం వేస్తోంది, మీరన్నది నిజమేనేమోనని.

అత్తమ్మ సరిగా తినడం లేదు. గుండెల మీద రాయి పెట్టినట్టుంది అంటుంది. దవాఖానకు తీసుకుపోతే పరీక్షలన్నీ చేసి గుండెకేం కాలేదన్నారు. చివరికి డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, "భర్త పోయినప్పుడు ఈమె ఏడ్చిందా?" అని అడిగింది.

ఆ రోజు కింద సెల్లార్‌లో మామయ్యను పడుకోబెట్టారు కదా. అత్తమ్మ పక్కన కూర్చుని, తల మీదికి కొంగు లాక్కుని, నోరు తెరిచింది. పైన బాల్కనీల్లోంచి అందరూ తొంగి చూస్తున్నారు. నేను ఆమె భుజం మీద చెయ్యి వేసి "మెల్లగ, అత్తమ్మా" అన్నాను. ఆమె నోరు మూసుకుంది. మళ్లీ తెరవలేదు. నేను ఎందుకలా అన్నానో నాకే తెలియదు వదినా. పైవాళ్లు ఏమనుకుంటారోనని సిగ్గుపడ్డానేమో.

ఒక్కసారి వచ్చి చూడండి. నన్ను తిట్టడానికైనా రండి.

మీ మరదలు,
జ్యోతిక

దిల్‌సుఖ్‌నగర్

జ్యోతికకు,

'ప్రియమైన' అని రాయబోయాను, పెన్ను ఒప్పుకోలేదు.

మెట్రోలో పది నిమిషాలు పట్టని దూరానికి ఉత్తరాలు! పైగా నా తమ్ముణ్ణి పోస్ట్‌మన్‌ను చేశావు. సరే, పదో తరగతిలో తెలుగులో నాకే ఎక్కువ మార్కులు. రాయడంలో నీకేం తీసిపోను.

మా అమ్మ ఎలాంటి మనిషో నీకు తెలుసా? ఊళ్లో ఎవరు పోయినా ముందు సుమిత్రమ్మకే కబురు వచ్చేది. పోయిన మనిషి మంచీ చెడూ ఒక్కొక్కటే చెబుతూ ఆమె రాగం తీసి ఏడిస్తే, అంతదాకా బిగదీసుకుని కూర్చున్న కొడుకులు కూడా ఘొల్లుమనేవారు. ఏ వరసా కాని ఎల్లయ్య తాత పోయినా, మాతో మాటల్లేని ఇంట్లో చావైనా, చేతిలో పని వదిలేసి పోయేది. "నీకేమైతరని గంత ఏడుస్తవే?" అని నాయిన నవ్వేవాడు. ఊరందరి కోసం ఏడ్చిన మనిషి కట్టుకున్నవాడి కోసం ఏడవలేకపోయింది. మీ ఫ్లాట్ల మర్యాద కోసం!

నాకు అమ్మ మీద కూడా కోపమేలే. మొదటి నుంచీ నేనంటే ఆమెకు అంతంతమాత్రమే. శేఖర్ పుట్టినరోజుకు పాయసం వండేది. నా పుట్టినరోజుకు తలనొప్పని ముసుగు తన్ని పడుకునేది. కొన్నాళ్లు అడిగాను, తర్వాత అడగడం మానేశాను.

ఆమెను నా దగ్గరికి పంపు. నాది కింది ఇల్లు, ఈ గల్లీలో ఎవరికీ సిగ్గుపడే పనిలేదు. కడుపారా ఏడవనిస్తాను.

ఇట్లు,
సంధ్యారాణి

ఎల్బీనగర్

ప్రియమైన వదినకు,

నా పెన్ను ఒప్పుకుంది.

అత్తమ్మను శేఖర్ తీసుకొస్తున్నాడు. అన్నం కంటే జొన్నరొట్టె ఇష్టంగా తింటోంది, మజ్జిగలో నానబెట్టి ఇవ్వండి. బ్యాగులో మామయ్య ఫోటో, ఆఖరున వేసుకున్న నీలం చొక్కా పెట్టాను. చొక్కా ఉతకలేదు. మామయ్య వాసన తగిలితే మనసు కదులుతుందేమోనని ఆశ.

ఆమె ఏడ్చిన రోజు నాకు ఒక్క మాట తెలియజేయండి. నాతో మాట్లాడకపోయినా ఫరవాలేదు.

జ్యోతిక

దిల్‌సుఖ్‌నగర్

ప్రియమైన జ్యోతికకు,

ఈసారి పెన్నును అడగలేదు. అమ్మను తిరిగి పంపిస్తున్నాను.

పిల్లల్ని, మా ఆయన జగన్‌ను బయటికి పంపి, అమ్మను నాయిన ఫోటో ముందు కూర్చోబెట్టి చొక్కా ఒళ్లో పెట్టాను. "ఏడ్వమ్మా, ఈడ ఎవ్వరు లేరు" అన్నాను. అమ్మ చొక్కాను నిమిరింది. గుండీ ఊడి ఉండడం చూసి "సూది దారం తే" అంది. కుట్టి, మడతపెట్టి నా చేతిలో పెట్టింది.

నాకు తిక్క రేగింది. "నువ్వు మనిషివా, బండవా? ఊళ్లె అందరికి ఏడ్చినవ్, మా నాయిన గంత కానోడైండా?" అని అరిచేశాను. అమ్మ నా మొహంలోకి అలాగే చూస్తూ ఉండిపోయింది. పెదవులు కదిలాయి, మాట రాలేదు. తెల్లారి లేచేసరికి బ్యాగు సర్దుకుని కూర్చుంది. "జ్యోతిక కాడికి పోత" అంది. కన్న కూతురి ఇంట్లో ఉండలేక కోడలి దగ్గరికి!

షాపులో చీరల అంచులు కుట్టే పీకో మిషన్ ముందు కూర్చుంటే కళ్లు మసకలై సూదిలోకి దారం ఎక్కడం లేదు. నాయిన పోయిన దుఃఖమంతా తీసుకుపోయి అమ్మ నెత్తిన పడేశాను. అంత మాట అనకుండా ఉండాల్సింది. నీ మీద మోపిన నేరం కూడా ఇప్పుడు నిలబడడం లేదు. ఇక్కడ ఎవరూ 'మెల్లగ' అనలేదు కదా.

నీ వదిన,
సంధ్య

ఎల్బీనగర్

ప్రియమైన వదినకు,

కూర్చుని చదవండి. షాపులో చదవొద్దు.

మా వాచ్‌మన్ భిక్షపతి భార్య అమలకు ఈమధ్యే ఆడపిల్ల పుట్టింది. సెల్లార్ పక్క గదిలోనే ఉంటారు. నిన్న మధ్యాహ్నం భిక్షపతి మా గుమ్మంలోకి వచ్చాడు. ఊళ్లో అమల తల్లి చనిపోయిందని ఫోన్ వచ్చిందట. "ఆమెకు చెప్పకుండ్రి మేడం. బాలింత. ఏడిస్తె పాలు ఇంకిపోతయ్. దినాలైనంక నేనే మెల్లగ చెప్త" అన్నాడు. నేను తల ఊపాను. సబబే అనిపించింది కూడా.

అత్తమ్మ విన్నది. లిఫ్ట్ కోసం కూడా ఆగకుండా మెట్లు దిగి పోయింది, వెనకే నేను. అమల ఒళ్లోంచి పాపను తన చేతుల్లోకి తీసుకుని, "మీ అమ్మ పోయింది బిడ్డా. పోయి ముఖం సూస్కో. ఎవ్వలేమన్నా ఇనకు, ఏడ్వు. పాలు యాడికి పోవు" అంది. అమల కూలబడి ఏడ్చింది. పాపను భుజాన వేసుకుని ఆమె పక్కనే కూర్చున్న అత్తమ్మ నోరు తెరిచింది.

"ఓ అమ్మా... నన్ను కన్న అమ్మా... నీ ముఖమన్న సూడకపోతి గదనే..."

వదినా, అది అమల తల్లి కోసం కాదు. బాల్కనీల్లో ఉన్నవాళ్లంతా కిందికి దిగి వచ్చారు. ఎప్పుడూ చప్పుడని గొడవపడే కుసుమకుమారి గారు నేల మీద కూర్చుని, "ఏడవనివ్వండి, ఆవిడ్ని ఆపకండి" అన్నారు. భిక్షపతి తల వంచుకుని ఆటో పిలిచాడు. భార్యనూ పాపనూ తీసుకుని ఊరికి పోయాడు.

పైకి వచ్చాక అత్తమ్మే చెప్పింది. మీ అమ్మమ్మకు ఒంట్లో బాగాలేక అత్తమ్మ తొలి కాన్పు అత్తగారింట్లోనే అయిందట. అత్తమ్మ పురిట్లో ఉండగానే అక్కడ అమ్మమ్మ పోయింది. బాలింతకు చెబితే పాలు ఇంకిపోతాయని, పిల్ల దక్కదని, అమ్మమ్మ దినాలు అయ్యేదాకా మామయ్య దాచాడు. తెలిశాక కూడా, పాలిచ్చే తల్లి ఏడవకూడదని ఆమె అత్తగారు ఏడవనివ్వలేదట. "పిల్లకు పాలిచ్చుకుంట మింగిన బిడ్డా" అంది. ఊరి చావులన్నిటికీ ఎందుకు పరుగెత్తేదో ఇప్పుడు తెలిసింది. ఎవరి శవం ముందు కూర్చున్నా ఆమె ఏడ్చింది ఒక్కరి కోసమే.

మామయ్య ముందు కూర్చున్న రోజు కూడా నాలుక మీదికి 'అమ్మా' అన్న మాటే వచ్చిందట. "మొగని శవం ముంగట తల్లికి ఏడిస్తె ఆయనకు అన్యాలం గాదా? నేనే నోరు మూసుకున్న. నీ మాట నాకు ఇనబడనే లేదు" అంది. అది విని నా మనసు తేలిక కావాలి. కాలేదు. పెళ్లయిన నాటి నుంచీ ఒకే ఇంట్లో ఉన్నాను, ఒక్కసారైనా "మీ అమ్మ ఎట్లుండేది అత్తమ్మా?" అని అడగలేదు. ఆ తర్వాత మామయ్య పేరు ఎత్తింది. దాచినందుకు తిట్టింది, పోయినందుకు ఏడ్చింది, రెండూ కలిపే. అప్పుడు అన్నం అడిగి తిన్నది.

ఆ పాలు తాగిన పిల్ల మీరే వదినా. మీకు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకోబోయింది. బండవా అని మీరు అడిగినప్పుడే చెప్పాలని నోటిదాకా వచ్చిందట. "దాని కోసమే ఏడ్వలేదంటె అది తట్టుకుంటదా?" అని ఆగిందట. నేను ఒట్టు వేయలేదు. మంచికేనని ఆ ఇంట్లో ఒకసారి దాచింది చాలు అనిపించింది.

మీ
జ్యోతిక

దిల్‌సుఖ్‌నగర్

నా జ్యోతికకు,

నీ ఉత్తరం షాపులోనే చదివాను. చెబితే వినే రకం కాదు కదా నేను. బ్లౌజు తీసుకోవడానికి వచ్చిన బిందుమాధవి నన్ను చూసి భయపడి మంచినీళ్లు తెచ్చిచ్చింది.

నా పుట్టినరోజున ముసుగు తన్ని పడుకున్నది తలనొప్పితో కాదు. ఆ ముసుగు తీసి చూద్దామని నాకు ఒక్కసారి కూడా తోచలేదు. మా నాయినకు ఏడుపు దక్కలేదని ఊరంతా వినేలా అరిచిన దాన్ని, మా అమ్మమ్మకు ఏడుపు దక్కనియ్యకుండా అమ్మ ఒళ్లో పడుకుని పాలు తాగింది నేనే. పసిపిల్లకు ఏం తెలుసని నువ్వు అంటావు. పసిపిల్లకు తెలియదు సరే. ఇంత వయసు వచ్చాక కూడా తెలుసుకోలేదే!

రేపు పొద్దున మెట్రో ఎక్కి వస్తున్నాను. నాకు చెప్పేశావని అమ్మతో అను, ఇంకేమీ దాచొద్దు. కానీ ఒక్కటి మాత్రం నా కోసం ఉంచు. ఇది రాస్తుంటే తెలిసింది, మా అమ్మమ్మ పేరేమిటో నాకు తెలియదు. నువ్వు అడిగి పెట్టకు. అమ్మ ఒళ్లో తల పెట్టుకుని నేనే అడుగుతాను.

నీ
సంధ్య