ఉషశ్రీగారి జాకెట్టు

గవర్నరుపేట, విజయవాడ

ఉషశ్రీగారికి నమస్కారం.

జాకెట్టు పట్టలేదని ఫోనులో "కళ్ళు కనపడట్లేదా?" అన్నారు. కళ్ళు బాగానే ఉన్నాయండీ. కొత్త గుడ్డ నేనే కొని మళ్ళీ కుట్టి ఇస్తాను.

టేపు పట్టి నేను కొలత చెబితే, నా భార్య సుగ్రా దాన్ని పైకి అంటూ చీటీ మీద రాసేది. ఆమె చనిపోయాక నేనే రాసుకుంటున్నాను. నోట్లో అనుకుంటూనే ఉంటాను. పెన్సిలు అందుకునేలోపు ఎవరైనా పలకరిస్తే చాలు, అంకె పోతుంది.

ఆరోజు మీ కొలతలు నేను పైకి చెబుతుంటే, తెర వెనకనుంచి సుగ్రా గొంతు తిరిగి చెప్పింది. విన్నవే రాశాను. నిన్న చీటీ తీసి చూశాను. ఛాతీ, నడుము, చెయ్యి, అన్నీ సుగ్రా కొలతలే.

ఆ జాకెట్టు కుట్లు విప్పకుండా వెనక్కి ఇవ్వండి. ఆమె బట్టలన్నీ పంచేశాం. ఆమెకు సరిపోయేది ఇంట్లో ఇంకొకటి లేదండీ.

ఇట్లు,
మీ టైలరు