మామిడి తోటల అబద్ధం

1944 జూలై 12, బుధవారం. పాకాల

మద్రాసు కాలేజీ నుంచి నా కూతురు కరుణ ఉత్తరం రాసినాది. సగం ఫీజు మాఫీ నిలిపేసినారంట. అంతా నా నోటి దూల.

పోయిన నెల పిల్లను హాస్టల్లో దిగబెట్టేదానికి పోయినాను. గేటు ముందర వరసగా కార్లు. ఒక్కో పిల్ల వెంట ఒక నౌకరు. నేనేమో మా రేకుపెట్టె నెత్తిన పెట్టుకొని పోతా ఉంటే, ఒక జమీందారు "ఏమోయ్, ఏ అమ్మగారి పెట్టె అది?" అన్నాడు. నాకు నాలుక ఆగితే గదా! మొహం కదపకుండా, "నా కూతురిదేనప్పా. పాకాల కాడ రైల్లోంచి కనబడే మామిడి తోటలన్నీ మావే" అనేసినాను. ఆయన గబుక్కున "మీరు" అనడం మొదలుపెట్టినాడు. దారి పొడుగునా నవ్వుకుంటా వచ్చినాను.

ఆ మాట ఆయన కూతురి ద్వారా ప్రిన్సిపాలు దొరసాని చెవిన పడింది. "తోటలుండే ఆయనకు మాఫీ ఎందుకు?" అనిందంట.

మా ఆమె, "ఏదీ, ఇప్పుడు నవ్వు సూస్తాను" అనింది. స్టేషన్లో పార్సిళ్ళు తూచే నా జీతం పూర్తి ఫీజుకు యాడ చాలేది? రేపు పొద్దున బండికి పోయి నిజం చెప్పుకోవాల. దొరసాని నమ్మకపోతే పిల్లను వెంటబెట్టుకొని రావాల్సిందే.

"నీ రైల్వే చొక్కాతోనే రా నాయనా, నాకేం సిగ్గులేదు" అని రాసినాది కరుణ.

సిగ్గు సంగతి నేను అడగనే లేదే. అదెందుకు రాసినట్టు?