రెండో ఫైర్‌వాల్

మంగళవారం రాత్రి, మూకండపల్లి

మా ఫ్యాక్టరీ నెట్‌వర్క్‌కు ఫైర్‌వాల్ అనే కాపలా పెట్టెను ఎంపిక చేసే పని నాది. ఒకటి ఆగిపోతే రెండోది వెంటనే అందుకునేలా జంటగా కొనాలని ఈరోజు మీటింగులో గట్టిగా వాదించాను. మేనేజరు ఒప్పుకున్నాడు. ఆ సంతోషం టీ తాగేంతసేపు కూడా నిలవలేదు.

"దానంతట అదే మారిపోతుందంటివి కదమ్మా? అట్లయితే రాత్రి డ్యూటీకి మునిరాజు ఎందుకు? ఈ నెలతో చాలని చెప్పేస్తా" అన్నాడు.

ఇన్నేళ్లూ నెట్ పోయినప్పుడల్లా సర్వర్ రూముకు పరుగెత్తింది మునిరాజన్నే. "పెట్టె చెడిపోతే ఇంకో పెట్టె బాగుచేయదు సార్" అన్నాను. ఆయన వినలేదు. పోనీ ఒక్కటే చాలని వెనక్కి తగ్గుదామంటే, సాయంత్రానికే ఆర్డరు వెళ్లిపోయింది.

అన్న డ్యూటీకి వస్తూ బాగలూరు తోటల రోజాలు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఆయనకింకా ఎవరూ చెప్పలేదు.

"రెండు పెట్టెలకీ ఒప్పించినావంట కదమ్మా! ఇంక రాత్రిపూట నాకూ నెమ్మది. బిగించే దినం నన్నూ పిలువు, నేర్చుకుంటాను."

"సరే అన్నా" అన్నాను. మేనేజరు అన్న మాట చెప్పకుండానే ఇంటికి వచ్చేశాను. రేపు కూడా ఆయన డ్యూటీకి వస్తాడు, నవ్వుతూ పలకరిస్తాడు...