కారు నేర్చుకునేటప్పుడు ఆ బూట్లు వద్దు

హరిణీ బిడ్డా,

మీ మామ గంగరాజానికి కారు నేర్పుడు వచ్చు గానీ పక్కన కూర్చున్న మనిషిని చూసుడు రాదు. నిన్న నీ చున్నీ కొస డోరు సందుల పడి కోరుట్ల దాకా రోడ్డు ఊడ్చుకుంటూ వచ్చింది. చక్రానికి చుట్టుకుంటే మెడకే వచ్చేది. చెప్తే, "గంతదానికే గింత లొల్లి ఏంది బావా" అని నవ్విండు.

ఈ రోజు చున్నీ వద్దు. తీగ మీద ఆరిన కాటన్ చొక్కా, ప్యాంటు వేసుకో. చొక్కా చేతులు పైకి మడుచుకో, స్టీరింగు తిప్పేటప్పుడు గుంజకుండా ఉంటుంది. హవాయి చెప్పులు వద్దు, జారి బ్రేకు కింద ఇరుకుతాయి.

మంచం కింద నా దుబాయి బూట్లు తీసి తుడిచిపెట్టుకున్నవు, చూసిన. సేఫ్టీ బూట్లని నీకు చెప్పింది నేనే. అవి కాలు మీద ఇనుము పడితే వేళ్లు చితకకుండా చేసినవి. ముందట రేకు, కింద మందపు అడుగు. క్లచ్ ఎంత తొక్కినవో కాలికి తెలియదు. నీ కాలేజీ కాన్వాస్ బూట్లే వేసుకో. లేసులు లోపలికి దోపు.

అన్నం వండిపెట్టిన. సిరిసిల్ల బస్సుకు పోతున్న. నడుము నొస్తుంది గానీ మగ్గం ఆగదు.

"ఒక్కసారన్న వచ్చి చూడరాదు బాపూ" అని అడుగుతనే ఉన్నవు. నువ్వు తోలంగ చూడాలని నాకూ ఉన్నది. నేను దుబాయి పోయినప్పుడు నువ్వు చిన్నదానివి, నీకు ఎరుక లేదు. మీ మామ నీకు కారు నేర్పే ఆ ప్లాట్లు, దుబాయి వీసా కోసం నేను ఆయనకే అగ్గువ ధరకు రాసిచ్చిన మన ముప్పై ఆరు గుంటల భూమి.