అయస్కాంతం అంటుకోని గిన్నెలు

అమ్మా,

ఎలా ఉన్నావని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు. నువ్వు అక్క ఇంటికి వెళ్ళి నెలయింది. రోజూ ఫోన్ చేస్తాను, నీ గొంతు వినగానే పెట్టేస్తాను. అందుకే ఈ ఉత్తరం.

ఆ రోజు గ్యాస్ తిప్పి వదిలేసింది నువ్వు కాదు, నేను. లైటర్ వెలగలేదు, ఇంతలో ఎవరో తలుపు కొట్టారు, వెళ్ళి మాటల్లో పడ్డాను. నువ్వు మేడ మీద నుంచి బట్టలు తీసుకుని దిగుతూనే వాసన పట్టి, పరుగున వెళ్ళి కట్టేసి కిటికీలు తెరిచావు. సరిగ్గా అప్పుడే మీ అల్లుడు వచ్చి, "ఎవరు చేశారీ పని?" అని కేకలు వేస్తుంటే, "అమ్మకి ఈ మధ్య మతిమరుపు" అనేశాను. అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఆ మాట! నువ్వు నా వంక ఒక్కసారి చూసి, తెచ్చిన బట్టలు మడతపెట్టుకుంటూ కూర్చున్నావు.

వారం తిరక్కుండా కరెంటుతో నడిచే ఇండక్షన్ పొయ్యి వచ్చింది. అయస్కాంతం అంటుకునే గిన్నెలే దాని మీద వేడెక్కుతాయట. ఆయన అయస్కాంతం పట్టుకుని గిన్నెల అడుగులకి ఆనించి చూస్తూ, అంటుకోనివన్నీ గోనెసంచిలో పడేశారు. నీ అల్యూమినియం గిన్నెలు ఒక్కటీ మిగల్లేదు. "నాకూ ఆనించి చూడు బాబూ, నేనూ సంచిలోకేనేమో" అన్నావు. ఆయన నవ్వారు. నేనూ నవ్వానమ్మా. ఛీ! ఆ నవ్వు తలచుకుంటే నా మీద నాకే అసహ్యం.

అసలు సంగతి ఇంకోటుంది. ఆ గొడవకి ముందు వచ్చిన జ్వరం తగ్గినప్పటి నుంచి నాకు ఏ వాసనా తెలియడం లేదు, గ్యాస్ వాసన కూడా. బయటపడితే హాస్టల్లో వంటపని పోతుందని ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఇంట్లో గ్యాస్ లేదు, భయం లేదు, నువ్వూ లేవు. తిట్టు, కొట్టు, కానీ వచ్చెయ్యమ్మా.

తలెత్తుకోలేని
నీ చిన్నది

*

ఒసేయ్ చిన్నదానా,

కోపం లేదని రాస్తే అబద్ధమవుతుంది. మతిమరుపు అన్నందుకు కాదు. అన్నాక, మీ ఆయన నమ్మాలని, నేను కుళాయి కట్టానో లేదో, తలుపు వేశానో లేదో అని నా వెనకే వచ్చి చూసేదానివి. అది భరించలేకే అక్క దగ్గరికి వచ్చేశాను.

నీ ముక్కు సంగతి నాకు ముందే తెలుసు. పాలు మాడి ఇల్లంతా కంపు కొడుతుంటే పక్కనే కూర్చుని తాపీగా జడ వేసుకున్నావు. నీ అంతట నువ్వే చెబుతావని చూశాను. చెప్పకపోవడం నీ తప్పు, అడగకపోవడం నాది.

సరే, ఇంట్లో పొయ్యి మారింది. మరి హాస్టల్లో? పైన అరవైమంది పిల్లలు పడుకుని ఉండగా, కింద నువ్వు వెలిగించేది గ్యాసే కదే! నా రాక సంగతి తర్వాత. ఇది అందిన పూటే వార్డెన్ దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పు. మీ ఆయనకీ నువ్వే చెప్పు. పని పోతే పోనీ. ఆ పిల్లలందరికీ అమ్మలున్నారే.

చెప్పాక ఫోన్ చెయ్యి. ఈసారి పెట్టెయ్యకు.

అమ్మ