సంచి దాటిన కణాలు

మంగళవారం, టార్నీట్

మూడేళ్లుగా నేను ఒకే మాట నమ్ముకుని బతుకుతున్నాను. పిండంలో పిట్యూటరీ గ్రంథి మొదట చిన్న సంచిలా మొదలవుతుంది. ఒక జన్యువు పనిచేస్తేనే కణాలు ఆ సంచి గోడ వదిలి తమ చోటికి కదులుతాయి. అది లేకపోతే అక్కడే గుంపుగా ఇరుక్కుపోతాయి.

ఈ రోజు ఆ జన్యువు లేని ఒక ఎలుక పిండంలో కణాలు శుభ్రంగా బయటికొచ్చేశాయి. పొరపాటున వేరే పిండం తీసుకున్నానేమోనని దాని తోక ముక్కతో డిఎన్ఎ పరీక్ష రెండుసార్లు చేశాను. అదే పిండం, ఆ జన్యువు లేనిదే.

మా ప్రొఫెసర్ స్లైడు చూసి, "డ్రాప్ ఇట్, సుజాతా. ఇట్స్ జస్ట్ వన్ ఎంబ్రియో," అన్నాడు. నా వీసా పొడిగింపు లెటర్ సంతకం కోసం ఆయన బల్ల మీదే ఉంది. నెల రోజులుగా అక్కడే ఉంది. "ఓకే," అన్నాను. ఆ పిండాన్ని ఫలితాల్లోంచి తీసేశాను. ఛీ, ఎంత తేలిగ్గా అనేశానో!

సాయంత్రం భోజనాల దగ్గర మా అమ్మాయి రోజూలాగే అడిగింది. "అమ్మా, డిడ్ ఎనీ సెల్స్ గెట్ అవుట్ టుడే?"

"లేదమ్మా, ఒక్కటీ రాలేదు."

"పూర్ థింగ్స్," అంటూ తన కంచంలోని వడియం తీసి నా కంచంలో వేసింది.