చేతులు కుట్టిన గౌను

అక్కకు, నీ తమ్ముడు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ అందరం కులాసా అని ఎప్పటిలాగే మొదలుపెడుతున్నాను. ఈసారి ఆ మాట నమ్మేముందు ఉత్తరం చివరిదాకా చదువు.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. కుట్టుమిషను బాగైంది. నా దగ్గు తగ్గింది. ఆసుపత్రి డ్యూటీలు తెమలక రాలేకపోతున్నానని నొచ్చుకోకు. నా దగ్గరున్న నీ కూతురు, మన బుడంకాయ, రెండో తరగతికి వచ్చింది, ముందు పళ్లు రెండూ ఊడాయి. ఇదివరకటిలా వాగడం మాత్రం లేదు.

మొన్న టీచరమ్మ నన్ను బడికి పిలిపించింది. బల్ల మీద గుండీలు పోసి, "ఏడు తియ్యమ్మా" అంది. నీ కూతురు ఒళ్లోంచి చేతులు తియ్యలేదు. బతిమాలితే ఒకటి పట్టుకోబోయి జారవిడిచింది. "ఈ వయసులో వేళ్లు ఆడితేనే లెక్క బుర్రకెక్కుతుందండీ. పోయినేడు చకచకా చేసిన పిల్ల. సెలవుల్లో ఏం జరిగింది?" అని అడిగింది.

సెలవుల్లో నేను పంపిన ఫొటో చూసి నువ్వూ అడిగావుగా, అంత ఎండల్లో వేళ్లు కూడా కనపడకుండా ఆ పొడుగు చేతుల గౌనేమిట్రా అని. అక్కా, ఆ చేతుల చివర్లు మూసి నేనే కుట్టేశాను.

అది వేళ్ల మీద లెక్కపెట్టేది. నేనూ అలా లెక్కపెట్టినందుకే కదా చిన్నప్పుడు మాస్టారు నా కణుపులు వాచేలా కొట్టింది, నేను బడి మానేసి కత్తెర పట్టింది! నా లెక్కలు నువ్వు చేసిపెట్టేదానివి, దీనికెవరున్నారు? నాలా మొద్దు కాకూడదని మొదట్లో లెక్కల వేళ మాత్రమే కుట్టాను. నోటితో తప్పులు చెబుతుంటే కోపం నెత్తికెక్కి రోజంతా ఉంచాను. ముద్దలు నేనే పెట్టాను. కొట్లో గుండీలు ఏరి డబ్బాల్లో వేస్తూ నాలుగేసి చొప్పున లెక్కపెట్టేది కదా, ఆ డబ్బాలూ అటకెక్కించాను. రెండు నెలలు, అక్కా. నా మీద నాకే అసహ్యంగా ఉంది.

బడి తెరిచే ముందు కుట్లు విప్పి, మరిచిపోతుందిలే అనుకున్నాను. టీచరమ్మ మాట విన్నాక డబ్బాలు దింపి, గుండీలు దాని ముందు పోసి, "ఎన్నున్నాయే, వేళ్లతోనే లెక్కపెట్టు" అన్నాను. అది లేచి వెళ్లి మిషను దగ్గరి సూది తెచ్చింది. చేతులు రెండూ ఒంటి మీది ఆ గౌను లోపలికి లాక్కుని నా ముందు చాపింది.

"కుట్టెయ్యి మామయ్యా. ఇవి ఊరుకోవు, లెక్కపెట్టేస్తాయి."

సెలవు పెట్టి రా. దాన్ని తీసుకుపోతానన్నా అడ్డుచెప్పను.

ఇట్లు,
ఒకప్పుడు నీ చేత లెక్కలు చేయించుకున్న
నీ తమ్ముడు